ఎడారిని ఊడ్చినవాళ్లం

నేను ఇరవై రెండేళ్లు ఒమన్‌లో ఇసుక ఊడ్చాను. ఈ మాట చెప్తే మా ఆర్మూర్ వైపు వాళ్లు నవ్వుతారు. ఎడారిలో ఇసుక ఊడ్చి ఎక్కడ పోశావ్ గంగన్నా అని అడుగుతారు. నవ్వితే నవ్వారు గానీ నా పని అదే. విదేశాల నుంచి సినిమాలవాళ్లు, యాడ్లవాళ్లు షూటింగుకు ఇక్కడి ఎడారికి వస్తారు. వాళ్లకు బండ్లు, టెంట్లు, నీళ్లు, మనుషులు సర్దిపెట్టే కంపెనీ ఒకటి అల్ హైల్‌లో ఉంది. అందులో మొదట డ్రైవర్‌గా చేరి, తర్వాత ఇసుక జట్టుకు సూపర్‌వైజర్‌నయ్యాను. కెమెరా ముందున్న ఇసుక మీద ఒక్క టైరు గుర్తు, ఒక్క చెప్పు గుర్తు లేకుండా చూడటమే మా జట్టు డ్యూటీ.

ఈమధ్యే రిటైరయ్యాను. నా చోటికి మా నిజామాబాద్ జిల్లా మనుషులే ఇద్దరు వస్తున్నారు. పని ఎట్లా ఉంటుందో రాసిపెట్టమని వాళ్లు అడిగారు. వీసా కాగితాల సంగతులు, నాకు హోదా పెరిగిన వైనం రాయను. అవి అందరి కథల్లో ఒకేలా ఉంటాయి. పని గురించి రాస్తాను. నేను చేసిన ఒక తప్పు గురించి ఇంకాస్త ఎక్కువ రాస్తాను. ఆ తప్పు పని రాక జరగలేదు. పని బాగా వచ్చు కాబట్టే జరిగింది.

టోపీ హీరోలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అమ్మ, చిన్నమ్మలు బీడీలు చుట్టేవాళ్లు. టాకీసులో టోపీ పెట్టి, నడుముకు పిస్తోలు కట్టి, గుర్రమెక్కి వచ్చే హీరోల సినిమాలు ఆడేవి. కొన్ని ఇంగ్లీషువి, కొన్ని మన తెలుగువే. ఆ హీరో పెదవి మూల చుట్ట ఉండేది. నేను అమ్మ చాటలోంచి బీడీ తీసి పెదవి మూల పెట్టుకుని, కళ్లు చికిలించుకుని వాకిట్లో నిలబడ్డాను. వీపు విమానం మోత మోగింది.

దెబ్బలు మర్చిపోయాను గానీ హీరోని మర్చిపోలేదు. అతను ఎక్కడినుంచి వచ్చాడో ఎవరికీ తెలియదు, ఎటు పోతాడో చెప్పడు. నాలుగు మాటల చోట ఒక్క మాట మాట్లాడతాడు. ఎంత ఎండ కాసినా నీడ వెతుక్కోడు, ఎవరినీ నీళ్లు అడగడు. చుట్టూ ఎడారి, మధ్యలో అతను ఒక్కడు. మగాడంటే ఇట్లా ఉండాలని నా బుర్రలో మేకు కొట్టినట్టు దిగిపోయింది.

ఒమన్‌కు వచ్చాక మొదటి రెండేళ్లు సీబ్‌లో బిల్డింగుల సైట్‌లో పనిచేశాను. అందరూ నీళ్ల ట్యాంకు దగ్గరికి పరుగెత్తితే నేను కావాలనే చివర వెళ్లేవాణ్ని. మేస్త్రీ చూసి మెచ్చుకోవాలని నా ఆశ. మేస్త్రీ ఒక్కసారీ చూడలేదు. నాకు మాత్రం మూత్రంలో మంట వచ్చింది. అయినా బుద్ధి రాలేదు.

ఊడ్చే విద్య

ఇసుక ఊడవడానికి పనిముట్లు రెండు. ఆకులు ఎగరగొట్టే గాలి మిషన్ ఒకటి, ఖర్జూర మట్ట ఒకటి. మిషన్ త్వరగా పనిచేస్తుంది కానీ ఇసుకను నున్నగా చేసేస్తుంది. నిజమైన ఎడారిలో నున్నటి ఇసుక తక్కువ, దాని మీద గాలి గీసిన సన్నటి అలలు ఉంటాయి. అందుకే నేను మట్టనే నమ్ముకున్నాను. బర్కా తోటల్లో పనిచేసే మనవాళ్ల దగ్గర మట్టలు తెచ్చుకుని, ఆకును సన్నగా చీల్చి, నానబెట్టి వాడేవాళ్లం.

ఎప్పుడూ వెనక్కి నడుస్తూ ఊడవాలి. నీ అడుగును నువ్వే తుడుచుకుంటూ రావాలి. అడ్డదిడ్డంగా చెయ్యి ఆడించకూడదు, గాలి ఎటు వీస్తే అటే మట్ట ఆడాలి. పొద్దున ఎండ ఏటవాలుగా పడే వేళ పిట్ట కాలి గుర్తు కూడా గుంటలా కనిపిస్తుంది, అప్పుడు మరీ జాగ్రత్త పడాలి. మంచి జట్టు పన్నెండు మంది ఉంటే నలభై నిమిషాల్లో ఒక పెద్ద దిబ్బను, దాని మీద మనిషి పుట్టనే లేదన్నంత శుభ్రంగా చేయగలదు. ఒమన్‌లో మా జట్టును మించింది లేదు. గొప్పకు చెప్పడం లేదు, మా పని చూసినవాళ్లెవరైనా అదే అంటారు.

ఈ పనిలో ఉన్నవాళ్లకు ఒక నిజం తొందరగా తెలుస్తుంది. ఒక మగాడు ఎడారిలో ఒంటరిగా గుర్రం మీద వెళ్లే దృశ్యం తీయాలంటే వెనక వంద మంది పనిచేయాలి. వంట చేసేవాళ్లు, గొడుగు పట్టేవాళ్లు, గుర్రానికి నీళ్లు పెట్టేవాళ్లు, మాలాగా ఊడ్చేవాళ్లు. మేమంతా కనిపించకుండా ఉంటేనే ఆయన ఒంటరివాడవుతాడు.

హమీద్ భాయ్ నియమం

మా బండ్ల విభాగానికి పెద్ద హమీద్. సీబ్‌లో పుట్టి పెరిగిన ఒమనీ మనిషి. నేను చేరిన మొదటి రోజే ఆయన ఒక నియమం చెప్పాడు. ఇసుకలోకి దిగే ముందు ఎటు పోతున్నావో ఒక మనిషికి చెప్పు, తిరిగొచ్చాక అదే మనిషికి మళ్లీ చెప్పు, ఒక్క బండితో ఎన్నడూ దిగకు. చెప్పకుండా పోయేవాడు ధైర్యవంతుడు కాదు, మిగతా అందరికీ పని పెట్టేవాడు అనేవాడు.

నేను ఆ నియమాన్ని బండ్ల విషయంలో తు.చ. తప్పకుండా పాటించాను. బండి కదిలితే వాకీటాకీలో చెప్పేవాణ్ని, ఆగితే చెప్పేవాణ్ని. కాలినడకన తిరిగే మనుషులకు కూడా అదే నియమం ఉండాలని నాకు తట్టలేదు. ఇది గుర్తుంచుకోండి.

మౌనం సంగతి కూడా ఇక్కడే చెప్తాను. ఎడారి మనిషి మాట్లాడడని సినిమా చెప్తుంది. అది శుద్ధ అబద్ధం. నేను చూసిన బదూలంత, అంటే ఎడారి తెగలవాళ్లంత, మాట్లాడేవాళ్లు ఇంకెక్కడా లేరు. ఇద్దరు కలిస్తే ముందు క్షేమాలు, తర్వాత ఖర్జూరం, కహ్వా అనే కాఫీ, ఆ తర్వాత కబుర్లు. ఎటునుంచి వచ్చావు, దారిలో ఎవరు కనిపించారు, ఎక్కడ చినుకు పడింది, ఎవరి ఒంటె తప్పిపోయింది అని అన్నీ ఒక వరసలో అడుగుతారు. మొదట్లో నాకు ఇది పనిలేని ముచ్చటగా అనిపించేది. ఆ కబుర్ల మీదే వాళ్ల ప్రాణాలు నిలిచి ఉన్నాయని చాలా ఆలస్యంగా తెలిసింది.

స్పాంజి నాగజెముడు

కొన్నేళ్ల కిందట ఒక విదేశీ కంపెనీ టోపీ హీరో సినిమా తీయడానికి వహీబా ఇసుక ఎడారికి వచ్చింది. నా ఆనందం చెప్పలేను. చిన్నప్పటి హీరో నా డ్యూటీలోకి నడిచి వచ్చినట్టయింది. కథ అమెరికాలో జరుగుతుంది కాబట్టి అక్కడి చెట్లు కావాలన్నారు. మా అల్ హైల్ వర్క్‌షాపులో మనిషెత్తు నాగజెముళ్లు స్పాంజితో చేసి, ఆకుపచ్చ రంగు కొట్టి, తీసుకెళ్లి ఇసుకలో పాతాం.

మర్నాటికి మూడు ఒంటెలు వచ్చి ఒక నాగజెముడును సగం నమిలేశాయి. వాటి యజమానురాలు పికప్ నడుపుకుంటూ వచ్చింది. పేరు ఉమ్ సాలిమ్. యాభై దాటిన బదూ ఆవిడ, ముఖానికి బురఖా, చేతిలో కర్ర. నా ఒంటెకేమన్నా అయితే ఎవరిది బాధ్యత, ఇక్కడ మొలవని దాన్ని తెచ్చి ఎందుకు పాతారు అని కడిగిపారేసింది. తప్పు మాదే. ఒంటెలు ఇటు రాకుండా ఒక మనిషిని కాపలా పెడతామని ఒప్పుకున్నాం. ఎట్లాగూ అమెరికా కథలో ఒంటె కనబడకూడదు కాబట్టి డైరెక్టరూ సంతోషించాడు.

ఆ కాపలాకు రాజన్నను పెట్టాను. నలభై దాటిన మనిషి, మా పక్క మండలమే. ఊళ్లో గొడ్లు కాచినవాడు, ఒంటెల్ని కూడా అదిలించకుండా నోటి శబ్దాలతోనే మళ్లించేవాడు. మెతక మనిషి, ఎవరితోనూ గొడవ పడడు.

హీరో గురించి కూడా చెప్పాలి. ఆరడుగుల మనిషి, కొండలాంటి భుజాలు. మంచివాడే, అందరినీ పలకరించేవాడు. కానీ ఇసుక దిబ్బ ఎక్కలేడు. నాలుగు అడుగులకే ఆయాసం వచ్చేది, మేం చెరో రెక్క పట్టుకుని ఎక్కించేవాళ్లం. గుర్రం మీద దూరంగా కనబడేది ఆయన కాదు, ఒక ఒమనీ రౌతు. ఆయన గంటకు ఎన్నిసార్లు నీళ్లడిగేవాడో లెక్కే లేదు. అడిగినప్పుడల్లా ఎవరో ఒకరు బాటిల్ పట్టుకుని పరుగెత్తేవాళ్లు. నువ్వు మగాడివేనా అని ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఆ మాట నేను రాజన్నను అడిగాను.

వాకీలో అన్న మాట

అది ఏప్రిల్ ఆఖరు. షూటింగు వాయిదా పడుతూ ఎండల్లోకి వచ్చేసింది. ఒకరోజు టేక్ జరుగుతుండగా వాకీలో రాజన్న గొంతు వినిపించింది. నీళ్లు అయిపోయినయ్, ఎవరినన్నా పంపుండ్రి అన్నాడు. టేక్ నడుస్తుంటే వాకీలో ఎవరూ మాట్లాడకూడదని నియమం. కెమెరా పక్కనున్న ఒకరి వాకీలోంచి ఆ మాట గట్టిగా మోగింది, షాట్ చెడిపోయింది. డైరెక్టర్ అందరి ముందూ నా మీద విరుచుకుపడ్డాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో మన అందరికీ తెలిసిందే, మనకన్నా కిందివాడి మీద. వాకీ అందుకుని, అందరూ వింటున్న చానల్‌లోనే అన్నాను.

"గంటసేపు దూప ఆపుకోలేనోడివి ఒమన్‌కు ఎందుకొచ్చినవ్ రా? మొగోడివేనా నువ్వు?"

జట్టంతా నవ్వింది. ఆ పూట రాజన్న మళ్లీ నీళ్లడగలేదు. నేను మాత్రం పెదవి మూల చుట్ట పెట్టుకున్న హీరోలా ఫీలయ్యాను. ఇంతకన్నా నిజాయితీగా రాయడం నా వల్ల కాదు.

మర్నాడు

మర్నాడు తెల్లవారుతుండగానే రాజన్నను పికప్‌లో తీసుకెళ్లి, తూర్పున మొదటి దిబ్బ దగ్గర దింపాను. అక్కడినుంచి అతను నడిచి రెండో దిబ్బ అవతలికి వెళ్లాడు. చేతిలో వాకీ, రెండు నీళ్ల బాటిళ్లు. తల పైకి కనబడనీయొద్దని, పిలిచేదాకా కదలొద్దని చెప్పాను.

షాట్ ఉత్తరం వైపు తీయాల్సింది. సూర్యుడు వచ్చాక డైరెక్టర్ మనసు మారింది. తూర్పుకు తిప్పితే గుర్రం నల్లగా, వెనక వెలుగుతో అద్భుతంగా వస్తుందన్నాడు. తూర్పు దిబ్బలన్నీ శుభ్రం చేయమన్నాడు. మేం పన్నెండు మందిమి మట్టలు పట్టుకుని దిగాం. నా పికప్ గుర్తులు ఊడ్చాం, రాజన్న అడుగులు ఊడ్చాం. రెండో దిబ్బ నెత్తి దాకా, కెమెరాకు కనిపించినంత మేరా ఊడ్చాం. ఆ అడుగులు ఎవరివని నేను ఆలోచించలేదు. ఇసుక మీద మచ్చ ఉంది, తీసేశాను. నా జీవితంలో అంత బాగా ఎన్నడూ ఊడవలేదు.

షాట్ మొదటి టేక్‌కే ఓకే అయింది. వెంటనే గంట ప్రయాణం దూరంలో ఉన్న రాళ్ల లోయకు అందరూ బయల్దేరాలన్నారు, ఎండ నెత్తికెక్కకముందే అక్కడ ఇంకో షాట్ ఉంది. హడావుడిగా బండ్లెక్కుతుంటే నేను వాకీలో అడిగాను.

"అందరెక్కిన్రా?"

మా జట్టులో ఒక అలవాటు ఉండేది. ఎవరూ మాట్లాడకపోతే అంతా బాగున్నట్టు. ఎవరూ మాట్లాడలేదు. రాజన్న వెనక బండిలో ఉన్నాడని ముందు బండివాళ్లు, ముందు బండిలో ఉన్నాడని వెనక బండివాళ్లు అనుకున్నారు. పది నిమిషాల్లో చోటు ఖాళీ అయింది.

మధ్యాహ్నం లోయలో అన్నం డబ్బాలు పంచుతుంటే ఒక డబ్బా మిగిలింది. అది రాజన్నది.

రెండో తప్పు

అప్పుడు నేను చేయాల్సింది హమీద్‌కు చెప్పడం, రెండు బండ్లు వేసుకుని వెళ్లడం. నేనే ఇరవై మందికి నేర్పిన పాఠం అది. చేయలేదు. ఎవరికీ తెలియకముందే నేనొక్కణ్నే వెళ్లి రాజన్నను తెచ్చేద్దామనుకున్నాను. డీజిల్ కోసం వెళ్తున్నానని అబద్ధం చెప్పి, పికప్ ఎక్కి, ఒంటరిగా బయల్దేరాను. పరువు పోతుందన్న భయం నాకు. ఆ భయానికి సినిమా టోపీ పెడితే ధైర్యంలా కనిపిస్తుంది, అంతే తేడా.

ఒంటిగంట దాటాక చేరాను. నిప్పులు చెరిగే ఎండ. వాకీలో పిలిచాను, జవాబు లేదు. హారన్ కొట్టాను. రాజన్న అడుగుల కోసం చూస్తే ఎటు చూసినా శుభ్రమైన ఇసుక. నేను ఊడ్చిన ఇసుక. అతన్ని ఏ చోట దింపానో కూడా ఆనవాలు దొరకలేదు. దిబ్బలన్నీ ఒకేలా ఉన్నాయి. అరగంట అటూ ఇటూ తిరిగేసరికి అదివరకు లేని గుర్తులన్నీ నా టైర్లే వేశాయి, ఏది కొత్తదో ఏది పాతదో తెలియకుండా పోయింది. బండి దిగి మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చాను.

కొంతసేపటికి లేచి, ఇసుక అంచున ఉన్న ఉమ్ సాలిమ్ ఇంటికి బండి పోనిచ్చాను.

ఒంటెల అడుగులు

ఆవిడ కహ్వా ఇవ్వలేదు, క్షేమం అడగలేదు. నా ముఖం చూడగానే సంగతేమిటంది. నాకొచ్చిన అరబీలో చెప్పాను. అంతా విని ఒకటే అడిగింది, ఎన్ని బండ్లు వచ్చాయని. నేనొక్కణ్నే అన్నాను.

"అయితే ఇంకాసేపట్లో ఇద్దర్ని వెతకాల్సి వచ్చేది" అంది.

ముందుగా నా దగ్గర నంబరు తీసుకుని హమీద్‌కు ఫోన్ చేసింది. ఎక్కడున్నాం, ఎటు వెళ్తున్నాం, ఎవరి కోసం అని పూసగుచ్చినట్టు చెప్పింది. కొడుకును ఇంకో పికప్‌లో వెనక రమ్మంది. తర్వాతే బండెక్కింది.

మనిషి అడుగులు నువ్వు తుడిచేశావు సరే, నా ఒంటెల అడుగులు తుడిచావా అని దారిలో అడిగింది. కెమెరాకు కనబడని చోట మేం ఊడవలేదన్నాను. ఆవిడ నన్ను దిబ్బల తూర్పు అంచుకు తీసుకెళ్లి, దిగి, వంగి నడిచింది. మూడు ఒంటెలు పొద్దున ఇటుగా వచ్చాయని చూపించింది. మేత కోసం వచ్చినవి మెల్లగా నడుస్తాయి. ఒక చోట మూడూ ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి. తినడానికి ఏమీ లేదు, తాగడానికి నీళ్లు లేవు. మరెందుకు తిరిగాయి? ఎవరో మనిషి నిలబడి మళ్లించాడు. అడుగు పక్కన అడుగు చూస్తూ ఆ మనిషి నిలబడ్డ చోటికి తీసుకెళ్లింది. అక్కడ రాజన్న చెప్పుల గుర్తులు, ఒక ఖాళీ బాటిల్.

ఆ గుర్తులు పట్టుకుని దిబ్బ ఎక్కాం. నెత్తి మీదికి వచ్చేసరికి ఠక్కున ఆగిపోయాయి. అక్కడినుంచి నేను ఊడ్చిన ఇసుక మొదలవుతుంది. అక్కడినుంచి రాజన్న వెనక్కి వెళ్లాడు, మళ్లీ వచ్చాడు, మళ్లీ వెనక్కి వెళ్లాడు. మూడుసార్లు. ఆ తర్వాత దిక్కు తప్పి, దిబ్బల మధ్య పల్లం పట్టుకుని దక్షిణానికి నడిచాడు. అటు మనిషి వాసన లేదు. ఎంత దూరం పోయినా ఇసుకే.

నాలుగవుతుండగా కనిపించాడు. ఒక గాఫ్ చెట్టు మొదట్లో, అంగీ తల మీద కప్పుకుని పడుకుని ఉన్నాడు. నేను పరుగెత్తి బాటిల్ నోట్లో పెట్టబోతే ఉమ్ సాలిమ్ నా చెయ్యి మీద కర్రతో కొట్టింది. గుడ్డ తడిపి పెదవులు తుడిచింది. తర్వాత చెంచాడు చెంచాడు తాగించింది. రాజన్న కళ్లు తెరిచాడు.

పికప్‌లో నా ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాడు. చాలాసేపటికి మాట వచ్చింది.

"అందరెక్కిన్రా అన్నది ఇన్న అన్నా. ఆగుండ్రి అందామనుకున్న. మల్ల తిడ్తవని బటన్ ఒత్తలే. ఉరికితే అందుకుంట అనుకున్న. దిబ్బ మీదికొచ్చి చూస్తే నా అడుగులు ఆడిదాంకనే ఉండె. అవతల ఏం లేకుండె. అసలు నేను అటునుంచి రానే రాలేదేమో అనిపించింది."

దాదాపు పది నిమిషాలు అతని వేలు బటన్ మీదే ఉంది. బండ్లు దూరమయ్యాక పిలిచాడు, అప్పటికి వాకీకి అందనంత దూరం వెళ్లిపోయాం. మధ్యాహ్నం నేను పిలిచేసరికి అతనికి స్పృహ లేదు.

బ్యాటరీ

రాజన్నను ఆస్పత్రిలో చేర్చాం. ప్రాణానికి భయం లేదన్నారు. సాయంత్రం హమీద్ రిపోర్టు కాగితం తీసుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆయనకు నేనంటే అభిమానం. వాకీ బ్యాటరీ అయిపోయింది కాబట్టి పిలవలేకపోయాడని రాద్దాం, ఎవరి ఉద్యోగమూ పోదు, కల్లివల్లి, వదిలేయ్ అన్నాడు. మంచం మీదనుంచి రాజన్న కూడా తల ఊపాడు.

"అట్లనే రాయుర్రి అన్నా. నాకేం కాలే గదా."

ఆ ఒక్క క్షణం నాకు ఎంత ఆశ పుట్టిందో దాచను. అంతా సర్దుకుపోయేది, నా పేరు నిలిచేది. కానీ ఆ వాకీ నా జేబులోనే ఉంది. తీసి చూశాను, బ్యాటరీ ఇంకా సగానికి పైగా ఉంది. దాన్ని హమీద్ ముందు పెట్టి, ముందురోజు నేనన్న మాట, డీజిల్ అబద్ధం, ఒంటరిగా వెళ్లడం అన్నీ చెప్పాను. ఆయన వాకీని చేతిలోకి తీసుకుని చూశాడు. ఇది రాస్తే నిన్ను ఇసుకలో ఉంచరు అన్నాడు. రాయమన్నాను.

అట్లాగే అయింది. ఆ సినిమా అయిపోయాక ఏడాది పాటు నన్ను వర్క్‌షాపులో టైర్ల పనికి వేశారు. నాకు బాధ కలిగింది కానీ అన్యాయమనిపించలేదు. కొత్తగా వచ్చేవాళ్లకు ఒకటి చెప్తాను. ఈ పనిలో అడుగులు చెరిపే నేర్పు రెండు నెలల్లో వస్తుంది. ఎవరి అడుగులు చెరుపుతున్నామో చూసుకునే బుద్ధి మాత్రం ఎవరూ నేర్పరు, మీరే తెచ్చుకోవాలి. కింద పనిచేసేవాడు నోరు మూసుకుని ఉన్నాడంటే అంతా బాగున్నట్టు కాదు. మీ నోటికి భయపడ్డాడేమో చూసుకోండి.

మూడో రోజు

రాజన్న మూడో రోజే డ్యూటీకి వచ్చేశాడు. డాక్టర్ ఇంకా రెస్ట్ తీసుకోమన్నా, రూమ్‌లో ఒక్కణ్నే ఉండలేనన్నాడు. పొద్దున్నే బండ్ల దగ్గర జట్టంతా మట్టలు పట్టుకుని నిలబడింది. నేను వాళ్ల ముందు నిలబడి చెప్పాను. రాజన్న వాకీ బాగానే పనిచేసింది, నాకు భయపడి పిలవలేదు, అతను చావు దాకా వెళ్లింది నా వల్లే.  ఏదీ దాచకుండా పూర్తిగా చెప్పాను. అన్నేళ్ల సర్వీసులో నా తప్పు నేను పదిమందిలో ఒప్పుకోవడం అదే మొదలు.

ఇకనుంచి రోజూ పని మొదలయ్యే ముందు ప్రతి మనిషీ వాకీలో నీళ్లు కావాలని అడగాలన్నాను. దూప ఉన్నా లేకపోయినా అడగాలి, నోటికి అలవాటు కావాలి. ముందు నేనే బటన్ నొక్కి, నాకు దూపైతుంది అన్నాను. అవతల తెల్లవాళ్ల వాకీల్లో కూడా మోగింది. ఒకరిద్దరు నవ్వారు. తర్వాత ఎవరూ బటన్ నొక్కలేదు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మగాళ్లకు ఆ మాట ఎంత బరువో అప్పుడు చూశాను.

చాలాసేపటికి నా చేతిలో వాకీ చప్పుడు చేసింది. వరస చివర రాజన్న మాకు వీపు చేసి, ఇసుక వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

"గంగన్నా, రాజన్నను మాట్లాడుతున్న. దూపైతుంది. మొన్న మస్తు భయమైంది."

నాకు ఇరవై అడుగుల దూరంలోనే ఉన్నాడు. కేక వేస్తే వినబడుతుంది. అయినా బటన్ నొక్కాను. 

"వస్తున్న తమ్మీ" అన్నాను.

నీళ్ల బాటిల్ తీసుకుని నడిచాను. అతను అది మొత్తం తాగేదాకా పక్కనే నిలబడ్డాను.